పప్పన్నం తినే తొండ

ఆచార్య సుబ్బరాయుడు గారు యూనివర్సిటీలో సమాజశాస్త్రం బోధిస్తారు. ఆయన పరిశోధన మొత్తం ఉదర విషయం. ఉదార విషయం మాత్రం కాదు. కావాలంటే ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్ళను అడగండి. మనిషి ఏం తింటే అదే అవుతాడన్నది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మీద ‘ఆహారమే ఆచారం’ అని ఒక పుస్తకం కూడా అచ్చు వేయించారు. రాసినాయనకు ఆహారం, అచ్చు వేసినాయనకు ఆచారం, చదివినాయనకు విచారం మిగిల్చిన గ్రంథమది. తార్నాకలో ఆయన మేడ గేటుకు ‘శాకాహారులకు మాత్రమే’ అన్న బోర్డు ఇంటి నంబరు కన్నా పెద్ద అక్షరాల్లో వేలాడుతూ ఉంటుంది. కొరియర్ కుర్రాళ్ళు చాలామంది అది ఇంటిపేరు అనుకుంటారు.

ఆయన దగ్గర నవత అనే అమ్మాయి పరిశోధన చేస్తోంది. పరిశోధన అన్న మాటలో ‘పరి’ అంటే గైడుగారు చెప్పే పరిపరి విధాల పనులు, ‘శోధన’ అంటే ఆ పనులు చేసేవాళ్ళ అనుభవం. కరెంటు బిల్లు కట్టాలి. గ్యాస్ బుక్ చేయాలి. లాలాపేట్ వెళ్ళి లేత బెండకాయలు ఏరి తేవాలి, ముదురు ఒక్కటి కనిపించినా ఆ నెల అధ్యాయం వెనక్కి వస్తుంది. గైడు అంటే దారి చూపేవాడని నిఘంటువులో ఉంది. మన దగ్గర గైడు దారి కాస్తాడు.

నవతది సిద్దిపేట దగ్గర ఒక పల్లె, సేద్యం చేసుకునే ఇల్లు. ‘తెలంగాణ పల్లెల్లో పండుగ భోజనాలు’ అన్న ఆమె సిద్ధాంత గ్రంథం పూర్తయి, బైండింగ్ కూడా అయి, సుబ్బరాయుడు గారి సంతకం కోసం ఆయన బల్ల మీదే పడుకుని ఉంది. ఊరి పక్క డిగ్రీ కాలేజీలో ఆమెకు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. అయితే నెలాఖరులోపు గ్రంథం సమర్పించినట్టు చూపించాలి. లేకపోతే ఆ ఉద్యోగం వెనకనున్న వాళ్ళకు పోతుంది. గురువుగారి అభ్యంతరం ఒక్కటే.

“మాంసం ఎక్కువైందమ్మా ఇందులో. పేజీ తిప్పితే చాలు యాట, కోడి. చదివినప్పుడల్లా చేతులు కడుక్కోవలసి వస్తోంది.”

“పండుగంటె గదే కద సార్ మా దిక్కు. యాట తెగకుంటె పండుగెట్లయితది?”

“అంతగా అయితే ఫుట్‌నోట్‌లోకి తోసెయ్యి.”

“యాట ఫుట్‌నోట్ల పట్టది సార్.”

పట్టలేదు. సంతకమూ పడలేదు.

ఇలా ఉండగా ఒకనాడు స్టాఫ్ రూములో టీ తాగుతూ, ఎంతటి హింసా జంతువునైనా సాత్వికాహారంతో మార్చవచ్చని సుబ్బరాయుడు గారు సెలవిచ్చారు. ఎదురుగా జంతుశాస్త్రం ఆచార్యులు పార్థసారథి గారు కూర్చుని ఉన్నారు. ఇద్దరికీ డీన్ కుర్చీ మీదే కన్ను. కుర్చీ ఒకటే కాబట్టి ఒకరి కన్ను మీద ఇంకొకరికి కన్ను.

“పులికి పప్పన్నం పెడతావేమిటయ్యా సుబ్బరాయుడూ?” అన్నారు పార్థసారథి.

“పులిదాకా ఎందుకు? బల్లి చాలు.”

“బల్లి పప్పన్నం తింటుందా? నా దగ్గర నీ పప్పులుడకవు.”

“ఉడుకుతాయి. తింటుంది!” అని సుబ్బరాయుడు గారు బల్లి విషయం బల్ల గుద్ది చెప్పారు. బల్ల మీది టీ పార్థసారథి గారి చొక్కా మీదికి మారింది. వాదన పందెంగా మారింది. రాబోయే సెమినార్‌లో, వేదిక మీద, నలుగురి కళ్ళ ముందు బల్లి జాతి ప్రాణి ఒకటి పప్పన్నం తిని చూపించాలి. సెమినార్ అంటే సెమీ నార: సగం నార, మిగతా సగం భోజనం. ఈసారి భోజనమే ప్రసంగమన్నమాట.

“అమ్మాయ్,” అన్నారు ఆ సాయంత్రం నవతతో, “బల్లిని పెంచే బాధ్యత నీది. సెమినార్ అవగానే సంతకం. మాంసం గురించి తర్వాత చూద్దాం.”

నవతకు ఆ మాట కరెంటు పోయిన ఇంట్లో ఫ్యాను తిరిగినట్టు వినిపించింది.

గోడ మీది బల్లిని పట్టుకొద్దామంటే ఆచార్యుల వారి భార్య అమ్మాజీ గారు ఒప్పుకోలేదు. అది ఎవరి మీద ఎక్కడ పడితే ఏ ఫలమో ఆవిడకు తల నుంచి కాలి బొటనవేలి దాకా నోటికి వచ్చు. తలస్నానాలకు నీళ్ళు చాలవన్నారు. అందుకని గురుశిష్యులు మెట్రో స్టేషన్ వెనక సందులో ఉన్న పెంపుడు జంతువుల దుకాణానికి వెళ్ళారు. ఆ దుకాణం దేవేందర్‌ది.

“గోడ బల్లిని ఎవలు పెంచరు సార్,” అన్నాడు దేవేందర్. “గిది చూడుండ్రి. బియర్డెడ్ డ్రాగన్. మన తొండకు దూరపు చుట్టం. మెడ కింద గడ్డమున్నది చూసిన్రా? కాయిదాలు గూడ పక్కా.”

“ఋషిలా ఉందయ్యా!” అని మురిసిపోయారు సుబ్బరాయుడు గారు.

గాజు తొట్టిలో రెండు పిల్ల తొండలున్నాయి. ఒకటి దీపం కింద రాయి మీద తలెత్తుకుని కూర్చుంది. కళ్ళు నిగనిగలాడుతున్నాయి, కాళ్ళు తిన్నగా ఉన్నాయి, తోక మొదలు బలిసి ఉంది. ఆచార్యుల వారు గాజు మీద వేలు పెడితే ఆ వేలి మీదికే దూకింది. దేవేందర్ ఒక కీచురాయిని వదిలితే అది నేలను తాకక ముందే దాని నోట్లో ఉంది. రెండోది మూలన కళ్ళు మూసుకుని ఉంది. కళ్ళు లోపలికి పోయాయి, తోక తాడులా ఉంది. ఇంకో కీచురాయి దాని వీపెక్కి, తల మీదుగా నడిచి, అవతలికి దిగి వెళ్ళిపోయింది.

“అదీ! అదే కావాలి!” అని మూలకు చూపించారు సుబ్బరాయుడు గారు.

“గది వద్దు సార్. మొన్నటి సంది ఏం తింటలేదు.”

“తినకపోవడమే కావాలయ్యా! చూశావా అమ్మాయ్, పురుగు తనంతట తాను నెత్తికెక్కినా ముట్టలేదు. పుట్టుకతోనే అహింసావాది.”

“అది అహింస కాదు సార్, నీరసం.”

“నీకు తెలీదు. ధ్యానంలో ఉంది.”

ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. ఆయన పరిశోధక విద్యార్థులను ఎంచుకునే పద్ధతీ ఇదే. ఇంటర్వ్యూలో తలెత్తి ఎదురు ప్రశ్న వేసినవాళ్ళకు సీటు రాదు. నవతకు వచ్చిందంటే ఆ రోజు ఆమె జ్వరంతో తల వేలాడేసుకుని కూర్చుంది కాబట్టి. మంచి తొండను ఎంచుకోవాలంటే చురుకు చూడాలి, కన్ను చూడాలి, కళ్ళ ముందు తింటుందో లేదో చూడాలి. మంచి స్కాలర్‌ను ఎంచుకోవాలన్నా అంతే. కానీ ఆయనకు కావలసింది మంచి తొండ కాదు, మంచి‘తనం’ ఉన్న తొండ.

దానికి ‘సాత్విక్’ అని నామకరణం చేసి ఇంటికి తెచ్చారు. వెండి గిన్నెలో ముద్దపప్పు, అన్నం, పైన నెయ్యి. సాత్విక్ కన్ను తెరవలేదు. మర్నాటికి పక్కకు ఒరిగింది.

ఆచార్యుల వారు క్లాసుకు వెళ్ళిన వెంటనే నవత ఆ తొట్టిని ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కింది. తొండ పోతే సెమినార్ పోతుంది, సెమినార్ పోతే సంతకం పోతుంది, సంతకం పోతే ఉద్యోగం పోతుంది. ఇన్ని పోయాక తానుండి మాత్రం ఎక్కడికి పోతుంది?

“నేను చెప్పిన్నా లేదా మేడం?” అన్నాడు దేవేందర్. “దీని కడుపుల పురుగులున్నట్టున్నయ్. డాక్టర్ కాడికి తోల్కపోత.”

“అంటె పురుగుల్ని ఇది తినుడు పోయి, దీన్నే పురుగులు తింటున్నయా?”

“అగ్గో, గంతే. గా దీపం కింది రౌడీగాన్ని తీస్కపోండ్రి.”

“సార్ గుర్తువడ్తడేమో అన్నా.”

“నీ పేరన్న సక్కగ గుర్తుంటదా సార్‌కు?”

నవత ఆలోచించింది. పోయిన వారమే ఆయన ఆమెను ‘మమతా’ అని పిలిచారు. అంతకు ముందు ‘సరిత’. ఆమె ధైర్యంగా రౌడీని తీసుకుని తిరిగి వచ్చింది.

సాయంత్రం ఇంటికి వచ్చిన సుబ్బరాయుడు గారు తొట్టిలో తలెత్తి, గడ్డం ఉబ్బించి, తన వైపే గుర్రుగా చూస్తున్న సాత్విక్‌ను చూసి చేతులు రెండూ పైకెత్తారు.

“అమ్మాజీ! చూశావుటే! ఒక్క పూట నెయ్యి పడేసరికి మొహంలో తేజస్సు వచ్చేసింది!”

ఆ రోజు నుంచి నవత రెండు ఉద్యోగాలు చేసింది. బయటికి పప్పన్నం పెట్టే ఉద్యోగం, లోలోపల పురుగు పెట్టే ఉద్యోగం. దేవేందర్ చెప్పింది సగం, తాను చదివి తెలుసుకున్నది సగం కలిపి తొండ భోజనం మీద ఇంకో పీహెచ్‌డీకి సరిపడా పోగుచేసింది. పురుగు తొండ రెండు కళ్ళ మధ్య ఉన్న జాగా కన్నా పెద్దది కాకూడదు. పెద్దదైతే మింగలేక ఇబ్బంది పడుతుంది. పురుగును కాల్షియం పొడిలో దొర్లించి పెట్టాలి, లేకపోతే ఎముకలు మెత్తబడతాయి. ఎండలాంటి వెలుగిచ్చే బల్బు కింద ఒళ్ళు కాచుకున్నాకే తిండి. ఒళ్ళు వెచ్చబడందే తిన్నది అరగదు. తినగా మిగిలిన కీచురాళ్ళను తీసేయాలి, తీయకపోతే అవి తొండను కొరుకుతాయి. ఇంట్లో బొద్దింకలను పట్టి పెట్టకూడదు, వాటి ఒంట్లో మందు ఉంటుంది. మెంతికూర, మునగాకు, తురిమిన క్యారెట్ కూడా పెట్టాలి. పెద్దదవుతున్నకొద్దీ ఆకులే ఎక్కువ తింటుంది. అంటే ఆచార్యుల వారి సిద్ధాంతం మొత్తం తప్పు కాదు. ఆగిపోయిన గడియారం కూడా రోజుకు రెండుసార్లు సరైన టైము చూపించినట్టు, ఆ మాత్రం నిజం అందులో ఉంది.

కీచురాళ్ళను నవత హాస్టల్ గదిలో పెంచింది, గుడ్ల అట్టలు పేర్చిన ప్లాస్టిక్ డబ్బాలో. వాటికి క్యారెట్, మెంతికూర మేపేది.

“నీ రేడియో బంద్ చెయ్యవే తల్లీ,” అని మొత్తుకునేది గదిలో ఉండే అలేఖ్య. “నిద్రల గూడ కీ కీ అంటున్నది.”

“జర ఓర్సుకో. నా సంతకం కూస్తున్నది.”

పొద్దున్నే టిఫిన్ డబ్బా పై గిన్నెలో ఉప్మా, కింది గిన్నెలో కీచురాళ్ళు. ఒకనాడు అమ్మాజీ గారు చెవి ఒగ్గారు.

“ఏమ్మాయ్, నీ టిఫిను చప్పుడు చేస్తోందేమిటి?”

“ఫోనమ్మా. వైబ్రేషన్ల పెట్టిన.”

“ఉప్మాలో పెట్టావా?”

ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే కింది గిన్నె తెరుచుకునేది. సాత్విక్ అసాత్వికంగా విజృంభించేది. వెండి గిన్నెలో పప్పన్నాన్ని నవత తన నోట్లో వేసుకునేది. గురువుగారు వచ్చి ఖాళీ గిన్నె చూసి, ‘సాధించాం’ అని భార్యతో అనేవారు. ఇంట్లో నిజంగా మార్పు వచ్చింది నవతకే. రోజూ నెయ్యి తగిలి ఆమె బుగ్గలు నిండాయి.

అంతటితో ఆగితే కథ ఇక్కడే అయిపోయేది. కానీ సుబ్బరాయుడు గారు ఆగే రకం కాదు. ఖాళీ గిన్నె, నిండు తొండ పక్కపక్కన పెట్టి వీడియో తీయించారు. ‘తార్నాకలో పప్పన్నం తినే తొండ’ అని అది ఊరంతా తిరిగింది. ‘సార్, మా బల్లికి ఏం పెట్టాలి?’ అని ఫోన్లు మొదలయ్యాయి. ఆయన పెసరపప్పు మంచిదా కందిపప్పు మంచిదా అన్న దాని మీద అరగంట చొప్పున మాట్లాడేవారు.

సెమినార్‌కు ముందు రోజు లాలాపేట్ నుంచి భారతమ్మ గారు వచ్చారు. రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఒంటరి మనిషి, తోడుగా ఉంటుందని ఇలాంటి తొండనే తెచ్చుకున్నారు. చేతిలో గుడ్డ పరిచిన బుట్ట. బుట్టలో తొండ. దాని కాళ్ళు వణుకుతున్నాయి, కింది దవడ మెత్తబడి పక్కకు ఒరిగింది, తల ఎత్తబోయి మళ్ళీ దించేసుకుంటోంది.

“మీరు చెప్పినట్టే పెడ్తున్న సార్. నోట్ల వేలు పెట్టి మరీ తినిపిస్తున్న. మరి ఎందుకు గిట్లయిందో.”

“నెయ్యి వేస్తున్నారా?”

“ఏస్తున్న సార్.”

“ఆవు నెయ్యా, గేదె నెయ్యా?”

“బర్రె నెయ్యి సార్.”

“అదీ సంగతి!” అన్నారు సుబ్బరాయుడు గారు, ఎక్స్‌రే చూసిన డాక్టరులా.

నవత మెట్ల దాకా ఆమె వెంట పోయింది. “అమ్మా, ఆవు నెయ్యా బర్రె నెయ్యా అన్నది కాదు సంగతి. దీన్ని జల్దిన జంతువుల డాక్టర్ కాడికి తోల్కపోండ్రి. దీనికి పురుగులు కావాలె, ఎండ కావాలె.”

“పురుగులా? మరి సార్ తొండ పప్పు తినే కదా బిడ్డా అంత మంచిగున్నది? నా కండ్లతోని చూస్తి కద ఇప్పుడే. ఎగిరి దుంకుతున్నది.”

నవత నోరు తెరిచింది. నోట్లో నిజం ఉంది. పైన బల్ల మీద గ్రంథం ఉంది. రెండింటిలో ఒకటే బయటికి వస్తుంది.

“గంత పెద్ద సదువు సదివిన సార్ తప్పు చెప్తడా?” అని భారతమ్మ గారే సమాధానం కూడా చెప్పుకుని, “రేపు సెమినార్ల సార్ తినిపిస్తడట కదా, ముందట కూసొని సూసి నేర్చుకుంట. ఆవు నెయ్యి గూడ కొంట,” అని బుట్టను గుండెలకు పట్టుకుని దిగి వెళ్ళారు.

అంతవరకు తన కీచురాళ్ళు ఒక తొండను బతికిస్తున్నాయనే నవత అనుకుంటూ వచ్చింది. అవే కీచురాళ్ళు ఇంకో తొండను చంపుతున్నాయని ఆ మెట్ల మీద తెలిసింది. ఇక్కడి తొండ ఎంత బలంగా కనిపిస్తే అక్కడి తొండ నోట్లోకి అంత పప్పు.

అయినా మర్నాటికి ఏర్పాటు చేసుకునే వచ్చింది. అన్నం ముద్దలో దేవేందర్ దగ్గర కొన్న పిండిపురుగును దాచి, పైన పప్పు పూసి, అరచేతిలో ఇమిడేటట్టు ఉండ చేసింది. తొండ ఆ ఉండను అందుకుంటే చాలు. చప్పట్లు. సంతకం. బస్సు. లెక్చరర్.

ఆడిటోరియం నిండింది. ముందు వరసలో పార్థసారథి గారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. రెండు కుర్చీల అవతల భారతమ్మ గారు, ఒళ్ళో బుట్ట, చేతిలో ఫోను. వీడియో తీయడానికి సిద్ధం. వేదిక మీద గాజు తొట్టి, వెండి గిన్నె, మైకు, సుబ్బరాయుడు గారు. ఆయన ఆహారం గురించి అందరికీ ఆకలి పుట్టేంతసేపు మాట్లాడి, చివరికి వెచ్చటి పప్పన్నం గిన్నెను తొట్టిలో పెట్టారు.

సాత్విక్ గిన్నె వైపు చూసింది. ఏసీ చలికి వణుకుతున్నట్టుంది పాపం, వెచ్చదనం తగిలి మెల్లగా దగ్గరికి నడిచింది. అది గిన్నె అంచు ఎక్కి, నాలుగు కాళ్ళూ లోపల పెట్టి, పొట్ట ఆనించి, పప్పన్నం మీద సుఖంగా పడుకుంది.

“పప్పులో కాలేసిందయ్యా!” అని అరిచారు పార్థసారథి గారు. “నాలుగూ వేసింది!”

హాలు గొల్లుమంది. సుబ్బరాయుడు గారు చెమట తుడుచుకున్నారు. “కొత్తచోటు కదండీ, బెదిరింది. దానికి మా స్కాలర్ చెయ్యి అలవాటు. అమ్మా సరితా, ఇలా రా.”

నవత వేదిక ఎక్కింది. అరచేతిలో ఉండ వెచ్చగా ఉంది, లోపల పురుగు కదలడం తెలుస్తోంది. తొండను గిన్నెలోంచి తీసి, ఒళ్ళు తుడిచి, ఉండ చూపించింది. తొండ తల పక్కకు వంచి ఒక కన్నుతో చూసింది.

“అటు జరుగు బిడ్డా, చెయ్యి కనవడ్తలేదు,” అని కింద నుంచి భారతమ్మ గారు. ఫోను ఎత్తి పట్టుకున్నారు. బుట్ట ఒళ్ళోంచి జారకుండా మోచేత్తో ఆపుకుంటున్నారు.

నవత పక్కకు జరిగింది. అందరికీ కనిపించేలా చెయ్యి పైకెత్తింది. ఉండను రెండుగా విరిచింది.

పిండిపురుగు అరచేతిలో మెలికలు తిరిగింది. తొండ దూకింది. పురుగు లేదు. అన్నం ముద్దలు రెండూ కింద పడ్డాయి. తొండ ఇంకేమైనా ఉందా అన్నట్టు ఆమె వేళ్ళు నాకింది.

ఆచార్యుల వారు నవతను పురుగును చూసినట్టు చూశారు. తొండ మాత్రం పురుగును అలా చూడలేదు.

“పప్పన్నం ఇది ఒక్క మెతుకు తినలే,” అంది నవత మైకులో. “తిన్నది నేను. దీనికి రోజూ నేనే కీచురాళ్ళు పెట్టిన. భారతమ్మ గారూ, మీ తొండకు నెయ్యితోని కాలేదు, పురుగులు లేక ఎముకలు మెత్తవడ్డయ్. ఇప్పుడే దవాఖానకు తీస్కపోండ్రి.”

భారతమ్మ గారు లేచి నిలబడ్డారు. “ఎంత సైజువి పెట్టాలె బిడ్డా?”

“కండ్ల నడుమ జాగ కంటె చిన్నయి. కాల్షియం పొడి రుద్ది పెట్టుండ్రి.”

“నిన్న మెట్ల మీదనే చెప్తే ఏం పోయె?” అంటూనే ఆమె బుట్ట పట్టుకుని తలుపు వైపు నడిచారు. నవత తల దించుకుంది.

పార్థసారథి గారు కుర్చీ ఎక్కినంత పని చేశారు. “అయిపోయింది! ఆచారం అయిపోయింది, ఆచార్యుడూ అయిపోయాడు!”

సుబ్బరాయుడు గారు మైకును గట్టిగా పట్టుకున్నారు. మునిగేవాడికి మైకే తెప్ప. అక్కడే మనం ఆయన్ను తక్కువ అంచనా వేశాం. ఆయన ముప్పై ఏళ్ళుగా యూనివర్సిటీలో ఉన్న మనిషి.

“అమ్మాయ్,” అన్నారు నెమ్మదిగా. “ఆ పురుగులు ఏం తింటాయి?”

“క్యారెట్, మెంతికూర సార్. అప్పుడప్పుడు మునగాకు.”

“మాంసం?”

“లేదు సార్.”

“గుడ్డు?”

“అట్ట మీద కూసుంటయ్ గని, గుడ్డు తినయ్ సార్.”

“విన్నారా!” అని ఆయన సభ వైపు తిరిగారు. గొంతు పెరిగింది. “నా తొండ తిన్నది పురుగును కాదు, పురుగు రూపంలో నడిచి వచ్చిన మెంతికూరను! దీన్నే నేను పరోక్ష శాకాహారం అంటాను!”

అలా అనడం ఆయన అదే మొదటిసారి. అయినా సభ చప్పట్లు కొట్టింది. సగంమంది సిద్ధాంతం నచ్చి, మిగతా సగం భోజనాల వేళయి.

“మరైతే మేకా గడ్డే కదయ్యా తినేది!” అని పార్థసారథి గారు అరిచారు కానీ, చప్పట్లలో ఆ మేక వినపడలేదు.

సాయంత్రం నవతను ఇంటికి రమ్మని కబురు వచ్చింది. ఉద్యోగం మీద ఆశ ఆడిటోరియంలోనే వదిలేసి వెళ్ళింది. గుమ్మం బయట మెట్ల మీద గాజు తొట్టి కనిపించింది, లోపల తొండతో సహా. అమ్మాజీ గారు గదంతా పసుపు నీళ్ళు చల్లుతున్నారు.

“ఇన్నాళ్ళూ నా ఇంట్లోకి ఏం తెచ్చావే? కీచురాళ్ళా? మా ఊళ్ళో వాటిని ఇలకోళ్ళంటారు తెలుసా?”

“కోళ్ళు కావమ్మా, పురుగులే.”

“పేరులో కోడి ఉందిగా! తీసుకుపో దాన్ని. తొండా వద్దు, తొండీ వద్దు.”

లోపల సుబ్బరాయుడు గారు ఫోనులో ఉన్నారు. పరోక్ష శాకాహారం మీద మాట్లాడమని ఎవరో అడుగుతున్నారు. ఆయన ఫోను పెట్టేసి నవత వైపు తిరిగారు. పార్థసారథి అప్పుడే ఈ పిల్లను తమ డిపార్ట్‌మెంట్‌కు పిలిచి మాట్లాడించాలని చూస్తున్నాడని ఆయనకు తెలిసింది. ఈమె క్యాంపస్‌లో ఉన్నంతకాలం ప్రతి సభలోనూ ఎవడో ఒకడు ఆమెకు మైకు ఇస్తాడు. వెళ్ళగొడదామంటే గొడవ పేపర్లకెక్కుతుంది. ఒక పరిశోధక విద్యార్థిని క్యాంపస్ నుంచి చప్పుడు లేకుండా పంపించే మార్గం ఒక్కటే ఉంది, అది ఇన్నేళ్ళలో ఆయనకు ఎప్పుడూ తట్టలేదు. డిగ్రీ ఇచ్చేయడం.

“ఉద్యోగం ఎక్కడన్నావు?”

“మా ఊరి పక్కకే సార్. సిద్దిపేట దిక్కు.”

“దూరమేనా?”

“దూరమే సార్.”

“మంచిది. చాలా మంచిది.” ఆయన కలం తీశారు. గ్రంథం తెరిచారు. పేజీలు తిప్పుతుంటే యాటలు, కోళ్ళు, తలకాయ కూరలు వరసగా వెళ్ళాయి. ఆయన కళ్ళు సగం మూసుకుని సంతకం పేజీ దాకా వచ్చి ఆగారు.

“ఆ పురుగులకు క్యారెట్ పెట్టమని నీకెవరు చెప్పారు?”

“ఎవలు చెప్పలే సార్. పురుగు కడుపు ఖాళీగుంటె తొండకు బలమేం వస్తది?”

“అలా కాదమ్మా.” ఆయన గొంతు తగ్గించారు. “ఆ ఆలోచన గైడుగారిదని ముందుమాటలో ఒక ముక్క రాసెయ్యి. ఒక్క ముక్కే.”

“ముందుగాల సంతకం సార్. ముందుమాట సంగతి ముందుముందు చూద్దం.”

ఆయన ఆమె మొహంలోకి చూశారు. ఆమె తల దించుకోలేదు. ఒక ప్రతి మీద సంతకం పెట్టారు, తర్వాత ఇంకొకటి, తర్వాత మిగతావి. నవత సిరా ఆరేదాకా ఒక్కో పేజీ ఊదింది. అన్నీ సంచిలో పెట్టుకుని, గుమ్మం దాటి, గాజు తొట్టిని రెండు చేతులా ఎత్తుకుంది.

“రాస్తావు కదూ?” అన్నారు సుబ్బరాయుడు గారు వెనక నుంచి. “ఏమ్మా... నవతా! రాస్తావు కదూ?”

“తొండకు ఆకలైతున్నది సార్. పోయొస్త,” అంటూ ఆమె మెట్లు దిగింది.